సర్ హంఫ్రీ డేవీ: ఓడల వైద్యము

శాస్త్రజ్ఞుల చరిత్రలలో విజయములు వర్ణింపబడినంతగా వైఫల్యములు వర్ణింపబడవు. సర్ హంఫ్రీ డేవీ కల్పించిన గనిదీపమును గూర్చి పలువు రెఱుగుదురు. ఓడ యడుగు రాగిరేకులకు ఆయన చేసిన చికిత్సను కొందఱే యెఱుగుదురు. మా యభిప్రాయమున రెండవదియే యెక్కువ బోధకరము.

డేవీ 1778 డిసెంబరు 17న ఇంగ్లండునందలి పెంజాన్సు రేవుపట్టణమున, కొయ్యచెక్కడపు పనివాని కుమారుడుగా జన్మించెను. 1794లో తండ్రి గతించెను. మరుసటి యేట శస్త్రవైద్యు నొకనికి శిష్యుడై, రసాయనశాస్త్రమును చాలవఱకు స్వయముగా నేర్చెను. 1801లో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనున ప్రవేశించెను. 1807లో విద్యుత్ప్రవాహముచే పొటాషియమును, సోడియమును వేఱుపఱచెను. 1815లో గనిపనివారికై రక్షణదీపమును కల్పించి, దానిపై పేటెంటు గోరక లోకమున కిచ్చివేసెను. 1820లో రాయల్ సొసైటీ కధ్యక్షుడయ్యెను.

ఆ కాలపు నౌకలు కొయ్యవి. పురుగు తొలువకుండ, నాచు పట్టకుండ బ్రిటిషు నావికాశాఖవారు 1761 మొదలు వాని యడుగున రాగిరేకులు తొడుగ నారంభించిరి. ఉప్పునీట నా రేకులే క్షయించుచుండెను. 1823లో వారు రాయల్ సొసైటీ సలహా కోరిరి. లోపము రాగి కల్తీలో నున్నదని పలువురి తలంపు. మిక్కిలి శుద్ధమైన రాగియు క్షయించుటను డేవీ చూచెను. నీట కరగిన ప్రాణవాయువు, ఉప్పు, రాగి యీ మూటి నడుమ జరుగు విద్యుద్వ్యాపారమే రోగమని నిర్ణయించెను. రాగికంటె సులభముగా కరగు లోహమును దానికి తాకించినచో, అది తాను నశించి రాగిని కాపాడునని 1824లో ప్రకటించెను.

ఊహతో ఆయన తృప్తి చెందలేదు. తుత్తునాగము, ఇనుము తగిలించిన రాగిరేకులను పోర్ట్స్‌మత్ రేవున వారముల తరబడి ముంచి, ముందు వెనుకల తూచెను. రక్షకలోహము రాగి వైశాల్యమున 40వ వంతు మొదలు 150వ వంతు వఱకు నున్నచో క్షయమే లేదు. 200వ వంతునకు తగ్గినంతనే తూకము తఱుగసాగెను.

అట్లు రక్షింపబడిన నౌకలు సముద్రయానము చేసెను. రాగి చెక్కుచెదరలేదు, కాని గుల్లలు, నాచు దట్టముగా పట్టి నౌకల వేగము మందగించెను. కరగు రాగియే ఆ జీవులకు విషమై యుండెను. క్షయము నాపగా ఆ మేలును పోయెను. 1825లో నావికాశాఖ వెనుకంజ వేసెను, పరిహాసములు చెలరేగెను. డేవీ 1829 మే 29న జినీవాలో, ఏబదియవ యేట మరణించెను.

నిర్ణయము సత్యము, కొయ్యయోడ దానికి తగిన రోగి కాదు. ఇనుపయోడలు వచ్చిన పిమ్మట డేవీ సూత్రము సార్థకమయ్యెను. కోరంగి కొయ్యయోడల కాలము గతించి, విశాఖపట్టణమున 1948 మార్చి 14న జలప్రవేశము చేసిన జల ఉష ఉక్కునౌకయే. నేడు ఉక్కుటోడల యడుగున తుత్తునాగపు లేక అల్యూమినియపు దిమ్మలు బిగింతురు. గుల్లలకు వేఱు రంగు పూయుదురు. అతిధ్వనిచే రేకు మందము కొలుతురు. వెండి, వెండి క్లోరైడుల ప్రమాణకడ్డీని నీట ముంచి, ఉక్కుతో దాని వోల్టేజి భేదమును చూతురు. మైనస్ 0.80 వోల్టో, అంతకంటె ఋణమో యైన రక్షణ కలదని యెంచుదురు.

క్షయమునకు కారణము కనుగొనుట యొక పని. ఆ క్షయము వలన నెవరి కేమి మేలు కలుగుచున్నదో కనుగొనుట మఱియొక పని. మొదటిదానిని డేవీ సాధించెను. రెండవదానిని సముద్రము తెలిపెను. ఓడకే కాదు, ఏ వ్యవస్థకు చికిత్స చేయువారైనను ఈ రెండింటిని ముందే కొలిచి చూచుకొనుట యుక్తము.