అజరయ్య గారు, పాస్టర్ల కూడిక

పాస్టర్ల సదస్సుల్లో మాటలే గాని పనులు కావని మన సంఘాల్లో సణుగుడు ఉంది. అందుకే బిషప్ వి.ఎస్. అజరయ్య గారిని తలచుకుంటున్నాం. 1874లో తమిళనాట పుట్టిన ఆయన 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యారు; ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే.

1919 మేలో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల పాదిర్లు కూడారు. ముప్పై ముగ్గురే! మనమే చీలిపోయి ఉంటే ఊళ్లలో సువార్త ఎలా చెప్పగలమన్నది వారి బాధ. ఐక్యతకు పిలుపిచ్చినవారిలో అజరయ్య గారు ముందున్నారు. సంప్రదింపులు ఏళ్ల తరబడి సాగాయి, మధ్యలో విసిగినవారూ ఉన్నారు. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతపు వెస్లియన్ సంఘాలు అందులో చేరాయి.