కాళోజీ: డాక్టర్ కాని ఈ కవి పేరు.. హెల్త్ యూనివర్సిటీకి ఎలా వచ్చింది?

నీట్ ఫలితాలు వచ్చాయంటే చాలు.. తెలంగాణలో వేలాది కుటుంబాలు ఓ వెబ్‌సైట్‌ను పదే పదే తెరిచి చూస్తుంటాయి. అదే వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. ఎంబీబీఎస్ సీటు రావాలన్నా, డిగ్రీ పట్టా చేతికి అందాలన్నా ఈ పేరు దాటాల్సిందే. మరి ఈ కాళోజీ ఎవరు? ఆయన డాక్టర్ కాదు, సైంటిస్టూ కాదు. చదివింది లా, రాసింది కవిత్వం. అయినా వైద్య విద్యతో ఆయనకో బంధం ఉంది. అది ఆయన చనిపోయాక మొదలైంది.

తల్లిది కన్నడం, తండ్రిది మరాఠీ

కాళోజీ 1914 సెప్టెంబర్ 9న బీజాపూర్ జిల్లా రట్టిహళ్లిలో పుట్టారు. ఇప్పుడది కర్ణాటక. తండ్రి రంగారావుది మరాఠీ, తల్లి రమాబాయమ్మది కన్నడం. కుటుంబం వరంగల్ దగ్గర మడికొండకు వచ్చి స్థిరపడింది. పసితనంలోనే తల్లి పోయింది. అన్న రామేశ్వరరావే అన్నీ తానై పెంచారు. ఆయన కూడా కవే, ఉర్దూలో రాసేవారు. ఇంట్లో ఇన్ని భాషలు వింటూ పెరిగిన కుర్రాడు.. చివరికి తెలంగాణ జనం మాట్లాడుకునే తెలుగునే తన భాష చేసుకున్నారు.

నిజాంకు ఎదురు నిలిచి..

అప్పటికి నిజాం పాలన. ఆర్యసమాజం, గ్రంథాలయ ఉద్యమం, ఆంధ్ర మహాసభ, స్టేట్ కాంగ్రెస్.. అన్నింటిలోనూ కాళోజీ ఉన్నారు. వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేసేందుకు ప్రయత్నించారని ఆయన్ని ఊరు నుంచే బహిష్కరించారు. జైలుకూ వెళ్లారు. అయినా వెనక్కి తగ్గలేదు.

స్వాతంత్ర్యం వచ్చాకా ఆయన తీరు మారలేదు. 1958 నుంచి 1960 వరకు శాసనమండలి సభ్యుడిగా ఉన్నారు. కానీ పదవి ఆయన నోరు కట్టేయలేకపోయింది. ఎమర్జెన్సీ తర్వాత సత్తుపల్లిలో ఏకంగా ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదే పోటీకి దిగారు. ఓడిపోయారు. నక్సలైట్ల ఎన్‌కౌంటర్లపై నిజాలు తేల్చేందుకు వేసిన తార్కుండే కమిటీలోనూ సభ్యుడయ్యారు. పాలించేది ఎవరైనా సరే, తప్పు జరిగితే అడగడమే ఆయన పని.

లోకం గొడవే తన గొడవ

ఆయన కవితల పుస్తకం పేరు 'నా గొడవ'. 1953లో తొలిసారి వచ్చింది. పేరులో 'నా' ఉన్నా లోపలున్నది జనం గొడవే. ఆకలి, అన్యాయం, ఎన్నికలు, నాయకులు.. ఏదీ వదల్లేదు. ఖలీల్ జిబ్రాన్ 'ది ప్రాఫెట్'ను 'జీవన గీత' పేరుతో తెలుగు చేశారు. పుస్తకాల భాషకు ఎంత మర్యాద ఉందో, తెలంగాణ యాసకూ అంతే మర్యాద ఉండాలని పట్టుబట్టారు. జనం ఆయన్ని ప్రేమగా కాళన్న అన్నారు, ప్రజాకవి అన్నారు. 1992లో కేంద్రం పద్మవిభూషణ్ ఇచ్చింది. కాకతీయ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అలా చూస్తే ఆయనా 'డాక్టరే'!

చివరి దానం

2002 నవంబర్ 13న వరంగల్‌లో కాళోజీ కన్నుమూశారు. ఊరంతా కదిలొచ్చే మనిషి. కానీ ఆయన దేహం చితి మీదికి వెళ్లలేదు. ఆయన కోరిక ప్రకారం కాకతీయ మెడికల్ కాలేజీకి అప్పగించారు.

ఈ దానం విలువ వైద్య విద్యార్థులకు బాగా తెలుసు. ఎంబీబీఎస్ మొదటి ఏడాది అనాటమీ పాఠం పుస్తకంతో పూర్తి కాదు. నరం ఎక్కడుంది, కండరం ఎలా అతుక్కుంది అన్నది నిజమైన దేహం మీదే నేర్చుకోవాలి. అలాంటి దేహాల కోసం దాతల అవసరం ఎంతో ఉంటుంది. అంత్యక్రియలు జరగకపోతే ఎలా అన్న భయంతో చాలా కుటుంబాలు ఇప్పటికీ వెనకాడతాయి. బతికినన్నాళ్లూ జనం కోసం కలం పట్టిన మనిషి, పోయాక దేహాన్నీ వాళ్ల పిల్లల చదువుకే ఇచ్చేశారు.

పేరు అలా వచ్చింది

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. సరిగ్గా అదే ఏడాది కాళోజీ శతజయంతి. అప్పటిదాకా ఇక్కడి మెడికల్ కాలేజీలన్నీ విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కిందే ఉండేవి. కొత్త రాష్ట్రానికి సొంత యూనివర్సిటీ కావాల్సి వచ్చింది. దాన్ని హైదరాబాద్‌లో కాకుండా వరంగల్‌లో పెట్టి, ఓరుగల్లు కవి పేరే పెట్టారు. మెడికల్, డెంటల్, నర్సింగ్, ఆయుష్.. రాష్ట్రం నలుమూలల కాలేజీలు ఇప్పుడు దీని పరిధిలోనే ఉన్నాయి. కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. హనుమకొండలో ఆయన పేరిట కళాక్షేత్రం కూడా ఉంది.

ఏటా వేల మంది కొత్త డాక్టర్లు కాళోజీ పేరున్న పట్టా అందుకుంటున్నారు. రేపు ఊళ్లో దవాఖానాకు వచ్చే పేషెంటు తన యాసలో నొప్పి చెప్పుకుంటే ఓపికగా వినాలి. ఆ యాసకు మర్యాద దక్కాలని జీవితమంతా కొట్లాడిన మనిషి పేరు వాళ్ల పట్టా మీదే ఉంది మరి.