ఖనిజాన్ని వేరుచేసే విద్యలో కేరీ ఎవర్సన్

కేరీ ఎవర్సన్ 1842లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జన్మించారు. భర్త చికాగోలో వైద్యుడు. ఆయన గనులలో డబ్బుపెట్టి నష్టపోయారు. దాంతో ఆమె లోహశాస్త్రాన్ని సొంతంగా చదివి ప్రయోగాలకు పూనుకున్నారు.

గని రాతిని మెత్తగా దంచి నూనె, ఆమ్లం కలిపితే నూనె ఖనిజపు రేణువులనే పట్టుకుంటుందని, ఇసుక నీటితో విడిపోతుందని కనుగొని 1886లో పేటెంటు పొందారు. ఆమె పంతులమ్మ అని, ఖనిజం సంచులు ఉతుకుతుండగా ఇది తెలిసిందని ప్రచారమైనది కట్టుకథే.

ఈ పద్ధతితో ఆమెకు లాభం చేకూరలేదు. భర్త మరణానంతరం నర్సుగా పనిచేసి బతికారు. 1903లో పేటెంటు గడువు తీరింది. ఆ తర్వాత కొద్దికాలానికే ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనులలో ఖనిజాన్ని తేల్చే పద్ధతి పెద్దయెత్తున సాగింది. 1914లో ఆమె కన్నుమూశారు. 1916లో అమెరికా సుప్రీంకోర్టు ఈ పద్ధతిపై తీర్పు ఇస్తూ ఆమె పేటెంటును ప్రస్తావించింది.

తర్వాతివారు నూనె తగ్గించి, గాలి బుడగల నురుగుతో ఖనిజాన్ని తేల్చారు. అయితే సీసం, జింకు కలిసిన రాతిలో రెండూ నురుగుకు అంటుకునేవి. షెరిడన్, గ్రిస్వోల్డ్ అనేవారు కొద్దిపాటి సయనైడు, జింకు సల్ఫేటు కలిపి జింకును అణచిపెట్టి, ముందుగా సీసాన్ని తేల్చే విధానానికి 1922లో పేటెంటు పొందారు. సీసం తీశాక మైలుతుత్తం వేస్తే జింకు కూడా తేలుతుంది. వరికి వేసే జింకు సల్ఫేటు, తెగుళ్లకు వాడే మైలుతుత్తం మన రైతులకు కొత్తవి కావు.

చాటతో చెరిగి పొల్లు తీసినట్లు ఖనిజాన్ని వేరుచేసే ఈ విద్యకు తొలిబాట వేసినవారిలో ఆమె ఒకరు.