చియోకో పరుగు, సతోషి కోన్ బొమ్మలు

ఫస్ట్ ఇయర్ సెకండ్ సెమ్‌లో మిడ్స్ అయిపోయిన రాత్రి, హాస్టల్ రూమ్‌లో ఒకే లాప్‌టాప్ ముందు నలుగురం కూర్చుని మిలీనియం యాక్ట్రెస్ పెట్టుకున్నాం. సగానికే ఇద్దరు నిద్రపోయారు. ఇంకొకడు ఫోన్‌లో పడ్డాడు. నేను మాత్రం పూర్తిగా చూసి, వెంటనే మళ్లీ మొదటి నుంచి చూశాను. ఆ సినిమా తీసిన జపాన్ డైరెక్టర్ సతోషి కోన్ 2010లోనే చనిపోయారని ఆ రాత్రే తెలిసింది. అప్పటికి నాకు మూడేళ్లు.

కోన్ 1963 అక్టోబర్ 12న జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడోలో పుట్టారు. ముసాషినో ఆర్ట్ యూనివర్సిటీలో చదువుతూనే మాంగా గీయడం మొదలుపెట్టారు. మాంగా అంటే జపాన్ కామిక్స్. అకిరా తీసిన కత్సుహిరో ఒతోమో దగ్గర అసిస్టెంట్‌గా చేశారు. తర్వాత కొన్నేళ్లు వేరేవాళ్ల సినిమాలకు బ్యాక్‌గ్రౌండ్లు, లేఅవుట్లు గీశారు. మనం హీరోని చూస్తాం గానీ, హీరో వెనకాల ఉన్న గోడని ఎవరు గీశారో పట్టించుకోం కదా. ఆ గోడలు గీసిన మనిషి ఈయన.

డైరెక్టర్‌గా మొదటి సినిమా పర్ఫెక్ట్ బ్లూ 1997లో వచ్చింది. అప్పటికి ఆయనకి ముప్పై దాటాయి. తర్వాత మిలీనియం యాక్ట్రెస్, టోక్యో గాడ్‌ఫాదర్స్, పాప్రికా. మధ్యలో పారనోయా ఏజెంట్ అనే 13 ఎపిసోడ్ల సిరీస్. మొత్తం నాలుగు సినిమాలు, ఒక సిరీస్. అంతే.

ఇక నా సినిమా సంగతి. చియోకో ఒకప్పటి పెద్ద హీరోయిన్. ముప్పై ఏళ్ల క్రితం సినిమాలు వదిలేసి ఎవరికీ కనపడకుండా ఉంటోంది. ఆమె అభిమాని తచిబానా, ఒక కెమెరామన్‌ని వెంటబెట్టుకుని ఇంటర్వ్యూకి వస్తాడు. చిన్నప్పుడు పోలీసుల నుంచి పారిపోతున్న ఒక చిత్రకారుడిని ఆమె దాచింది. అతను ఒక తాళంచెవి వదిలి వెళ్లిపోయాడు. అతన్ని వెతకడానికే ఆమె సినిమాల్లోకి వచ్చింది.

ఆమె కథ చెప్తుంటే ఏది జీవితం, ఏది సినిమా అన్న గీత చెరిగిపోతుంది. మంచూరియాలో రైలు మీద దొంగలు పడతారు. ఆమె పెట్టె తలుపు తీస్తుంది. అవతల తగలబడుతున్న కోట! ఇప్పుడామె వేరే సినిమాలో, వేరే శతాబ్దంలో ఉంది. ఇంటర్వ్యూకి వచ్చిన ఇద్దరూ కూడా ఆ మంటల్లోనే ఉంటారు. మన కోడ్‌లో గో టు వాడితే సార్ ఊరుకోరు. కోన్ సినిమా అంతా అలాంటి గెంతులే, అయినా కథ ఎక్కడా తెగదు. ఎందుకంటే ప్రతి గెంతులోనూ చియోకో పరిగెడుతూనే ఉంటుంది. గుర్రం మీద, రిక్షాలో, సైకిల్ మీద, చివరికి రాకెట్‌లో.

ఇక్కడ స్పాయిలర్ ఉంది, క్షమించండి. ఆ చిత్రకారుడు ఎప్పుడో చనిపోయాడు. ఆ సంగతి తచిబానాకి తెలుసు, ఆమెకి చెప్పడు. కానీ చావు దగ్గరపడినప్పుడు చియోకో ముఖంలో ఓడిపోయిన బాధ ఉండదు. అతన్ని వెతుకుతూ పరిగెత్తిన తననే తాను ఇష్టపడ్డానని అర్థం చేసుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకిది మోసంలా అనిపించింది. ఇంత పరిగెత్తించి చివరికి ఇదా అనుకున్నా.

తర్వాత కోన్ చివరి రోజుల గురించి చదివాను. 2010 మే నెలలో ఆయనకి పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది. డాక్టర్లు ఆరు నెలలు అన్నారు. అప్పటికి పిల్లల కోసం డ్రీమింగ్ మెషీన్ అనే సినిమా తీస్తున్నారు. అందులో అన్నీ రోబోలే. జబ్బు సంగతి చాలామందికి చెప్పలేదు. ఆసుపత్రి వద్దని ఇంట్లోనే ఉన్నారు. సినిమా ఏమైపోతుందోనని దిగులుపడితే, నిర్మాత మసావో మరుయామా నేను చూసుకుంటానని మాటిచ్చారు. ఆగస్టు 24న కోన్ వెళ్లిపోయారు. 46 ఏళ్లు. సుమారు 1500 షాట్లలో 600 దాకా మాత్రమే అయ్యాయి. మరుయామా ఏళ్ల తరబడి ప్రయత్నించినా ఆ సినిమా పూర్తి కాలేదు.

ఇది చదివిన రోజు మళ్లీ చియోకోని చూశాను. ఈసారి మోసం అనిపించలేదు. ఆ ముగింపు గీసేటప్పుడు తన ఆఖరి సినిమా సగంలో ఆగిపోతుందని కోన్‌కి తెలీదు. అందుకే ఆయన నన్ను ఓదార్చడానికి చెప్పినట్టు కాకుండా, నిజంగా నమ్మి చెప్పినట్టు వినపడింది.

ఇంటర్‌లో ఉన్నప్పుడు నేను కూడా రికార్డుల వెనక పేజీల్లో బొమ్మలు గీసేవాడిని. ఎంసెట్ కోచింగ్‌లో పడి ఆపేశాను. సీఎస్‌ఈలో చేరాక గీద్దామనుకున్న ప్రతిసారీ, ఎలాగూ పూర్తి చెయ్యలేను, మొదలుపెట్టడం ఎందుకు అనుకునేవాడిని. అది వినడానికి బుద్ధిగా ఉంటుంది గానీ ఉత్త భయం. ఇప్పుడు బ్లెండర్‌లో ఒక ముసలామె మెట్లెక్కే సీన్ చేస్తున్నాను. మూడు నెలలకి పదకొండు సెకన్లు అయ్యాయి. ఆమె ఇంకా పైకి చేరలేదు. మోకాలు సరిగ్గా వంగట్లేదు, ఈ వారం అదే పని.

మీరూ ఈ వీకెండ్ మిలీనియం యాక్ట్రెస్ చూడండి. 87 నిమిషాలే. ఫోన్ పక్కన పెట్టి చూడండి, ఒక్క కట్ మిస్సయినా ఏ శతాబ్దంలో ఉన్నారో తెలీదు. ఎవరైనా చూస్తానంటే నేను నాలుగోసారి కూర్చోడానికి రెడీ.