పాటకు బాట వేసిన బెర్లినర్

నోట వెలువడిన మాట గాలిలో కలిసిపోతుంది. గాయకుని గొంతులోని మాధుర్యం ఆనాటి శ్రోతలకే దక్కి, ఆయనతోనే అంతరించిపోతుంది. వేల సంవత్సరాలు మానవజాతి ఈ లోటును విధివిధానంగానే భావించింది. 1877లో థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించి, ధ్వనిని నిలిపి ఉంచడం సాధ్యమని లోకానికి చూపాడు. అయితే ఆ ధ్వనిని వేల ప్రతులుగా మార్చి, సామాన్యుని ఇంటి ముంగిటికి చేర్చే మార్గాన్ని కనుగొన్నవాడు ఎమిల్ బెర్లినర్.

బెర్లినర్ 1851 మే 20న జర్మనీలోని హానోవర్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి సామ్యూల్ వర్తకుడు, మతగ్రంథాలలో పండితుడు. తల్లి సారా సంగీతప్రియురాలు. వారిది పదముగ్గురు సంతానం గల పెద్ద కుటుంబం. ఆర్థికస్తోమత అంతంతమాత్రమే కావడంతో బెర్లినర్ చదువు పద్నాలుగో ఏటనే ఆగిపోయింది. కొంతకాలం అచ్చుకూటంలోనూ, తరువాత బట్టల దుకాణంలోనూ పనిచేశాడు. 1870లో కుటుంబ మిత్రుని ఆహ్వానంపై అమెరికా చేరి, వాషింగ్టన్ నగరంలోని ఆయన దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు.

తరువాత న్యూయార్క్ వెళ్ళి చిన్నాచితకా పనులతో పొట్టపోసుకున్నాడు. ఒక రసాయన ప్రయోగశాలలో సీసాలు కడిగే పని కూడా చేశాడు. పగలు కూలి, రాత్రి చదువు. కూపర్ సంస్థలోని గ్రంథాలయంలో భౌతికశాస్త్ర గ్రంథాలను శ్రద్ధగా అధ్యయనం చేశాడు. పట్టభద్రుడు కాకపోయినా, పట్టుదలనే గురువుగా చేసుకున్న జిజ్ఞాసువు ఆయన.

అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనును లోకానికి పరిచయం చేసిన రోజులవి. అందులో మాట మంద్రంగా వినిపించేది. 1877లో బెర్లినర్ తన అద్దెగదిలోనే ప్రయోగాలు చేసి, మాటను బలంగా పంపగల కొత్త ప్రసారిణిని రూపొందించాడు. ఒకదానినొకటి తేలికగా తాకుతూ ఉండే రెండు లోహభాగాల నడుమ ఒత్తిడి మారితే విద్యుత్ప్రవాహమూ మారుతుందన్నది దానిలోని సూత్రం. బెల్ సంస్థ ఆ హక్కులను కొనుగోలు చేసి ఆయనకు ఉద్యోగమిచ్చింది. 1881లో అమెరికా పౌరసత్వం స్వీకరించి, అదే సంవత్సరం కోరా ఆడ్లర్‌ను వివాహమాడాడు. కొంతకాలానికి ఆ ఉద్యోగం విడిచి స్వతంత్ర పరిశోధనకు పూనుకున్నాడు.

ఎడిసన్ యంత్రంలో ధ్వని ఒక స్తంభాకారపు గొట్టంపై నమోదయ్యేది. ముల్లు పైకీ కిందికీ కదులుతూ లోతు మారే గాడిని గీసేది. తొలిరోజులలో ఇటువంటి గొట్టాలకు ప్రతులు తీయడం కష్టం. గాయకుడు ఒకే పాటను మళ్ళీమళ్ళీ పాడవలసి వచ్చేది. బెర్లినర్ ఈ రెండింటినీ మార్చాడు. గొట్టానికి బదులు పళ్ళెం వంటి చదునైన పలకను తీసుకున్నాడు. ముల్లు పక్కలకు ఊగుతూ ఒకే లోతుగల వంకరటింకర గాడిని గీసేటట్లు చేశాడు. జింకు పలకపై పలుచని మైనపు పూత పూసి, దానిపై ధ్వనిరేఖను గీయించి, ఆమ్లంలో ముంచేవాడు. మైనం తొలగిన చోట ఆమ్లం లోహాన్ని తిని గాడి ఏర్పడేది. దాని నుండి అచ్చు తీస్తే ఎన్ని ప్రతులైనా వేయవచ్చు. ఒకనాడు అచ్చుకూటంలో పనిచేసిన యువకుడు ధ్వనిని సైతం పుస్తకం వలె అచ్చువేయడం విశేషం. 1887లో ఈ పరికరానికి పేటెంటు లభించింది. దానికి ఆయన పెట్టిన పేరు గ్రామఫోన్. 1888 మేలో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ సంస్థలో విద్వాంసుల ఎదుట దానిని ప్రదర్శించాడు.

ఆ పరికరం మొదట జర్మనీలో పిల్లల ఆటవస్తువుగా మాత్రమే అమ్ముడుపోయింది. చేతితో తిప్పవలసి రావడంతో వేగం నిలకడగా ఉండక స్వరం వణికేది. ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్ అనే నిపుణుడు 1896లో స్ప్రింగు మోటారు సమకూర్చడంతో ఆ లోపం తీరింది. మొదట గట్టి రబ్బరుతో చేసిన పలకలు త్వరలోనే లక్కపలకలుగా మారాయి. భారతకథలో పాండవుల ప్రాణాలకు ముప్పుగా నిలిచిన లక్కయే ఇక్కడ పాటకు ప్రాణం నిలిపింది. ప్రపంచానికి ఆ లక్కను సమకూర్చిన ప్రధాన దేశం మన భారతదేశమే.

ఈ యంత్రానికి ఆయువుపట్టు ముల్లు. గాడిలో నడిచే ఉక్కుముల్లు కంపించగా, ఆ కంపనం ధ్వనిపేటికలోని పలుచని పొరకు చేరి, కొమ్ముబూర ద్వారా పాటగా వెలువడేది. పలకలో కలిపిన ఖనిజపు పొడి ముల్లును గాడికి తగినట్లు అరగదీసేది. అరిగిన ముల్లు పలకను పాడుచేస్తుంది కనుక ఒక్కొక్క పాటకూ ముల్లు మార్చవలసి వచ్చేది. లావుపాటి ముల్లు బిగ్గరగా, సన్నని ముల్లు మెత్తగా పలికేది. పలక అరగకుండా వెదురు ముళ్ళను వాడేవారూ ఉండేవారు. ఏ పాటకు ఏ ముల్లు నప్పుతుందో ఎంచుకోవడం రసికులకు ఒక వేడుకగా మారింది. నేటికీ రికార్డు ప్రియులు కార్ట్రిడ్జులను మార్చిమార్చి స్వరభేదాలను పరిశీలించడం ఆ అభిరుచికి కొనసాగింపే. ఉక్కు స్థానంలో వజ్రపు మొన, పొర స్థానంలో అయస్కాంతం, తీగచుట్ట వచ్చాయి. గాడిలో ముల్లు నడవాలన్న మూలసూత్రం మాత్రం మారలేదు.

బెర్లినర్ విజయపథం నల్లేరుపై బండినడక కాలేదు. అమ్మకాల హక్కు పొందిన ఫ్రాంక్ సీమన్‌తో వివాదం ముదిరి, 1900లో వెలువడిన న్యాయస్థానపు ఉత్తర్వు వలన అమెరికాలో ఆయన సంస్థ అమ్మకాలు నిలిచిపోయాయి. తాను కనిపెట్టిన వస్తువును తానే అమ్ముకోలేని దుస్థితి అది. అయినా ఆయన కుంగిపోలేదు. కెనడాలోని మాంట్రియల్‌లో కార్యకలాపాలు సాగించాడు. హానోవర్‌లో సోదరుడు జోసెఫ్‌తో కలిసి అంతకుముందే 1898లో స్థాపించిన కర్మాగారం వృద్ధి చెందింది. 1902లో లండన్ గ్రామఫోన్ సంస్థ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానాన్ని నమోదు చేశాడు. అనంతర దశాబ్దాలలో తెలుగునాట రంగస్థల పద్యాలు సైతం గ్రామఫోన్ ప్లేట్లుగా వెలువడి, నాటకం చూడలేని వారికీ వినికిడి భాగ్యం కలిగించాయి.

1900 ప్రాంతంలో బెర్లినర్ చిన్నారి కుమార్తె ఆలిస్ తీవ్రమైన ఉదరవ్యాధికి గురై ప్రాణాపాయం నుండి బయటపడింది. ఆ తండ్రి తన బిడ్డ బ్రతికినందుకు సంతోషించి ఊరుకోలేదు. శుభ్రత లేని పచ్చిపాల వలన ఎందరో పసికందులు మరణిస్తున్నారని గ్రహించి, పాలను వేడిచేసి సురక్షితం చేయాలన్న ఉద్యమానికి పూనుకున్నాడు. 1901లో వాషింగ్టన్‌లో వ్యాధినిరోధక సంఘాన్ని నెలకొల్పాడు. తల్లులకు అర్థమయ్యే కరపత్రాలు, పిల్లలకు నచ్చే గేయాల పుస్తకాలు ప్రచురించాడు. శాస్త్రరంగంలో కృషిచేసే మహిళలకు తన తల్లి పేరిట పరిశోధక వేతనం ఏర్పాటు చేశాడు. కుమారుడు హెన్రీతో కలిసి హెలికాప్టరు ప్రయోగాలూ సాగించాడు.

1929 ఆగస్టు 3న వాషింగ్టన్‌లో బెర్లినర్ కన్నుమూశాడు. తన అంత్యక్రియలకు ఆడంబరం వద్దనీ, ఆ ధనాన్ని పసిబిడ్డలున్న పేద తల్లులకు ఇవ్వమనీ ఆయన ముందే కోరాడు. ఎందరో గాయకుల గొంతులను కాలగర్భంలో కలిసిపోకుండా కాపాడిన ఆ మేధావి, మాటలైనా రాని పసిపాపల ఏడుపును సైతం ఆలకించగలిగాడు. విజ్ఞానానికి దయ తోడైతే జీవితం ఎంత సార్థకమవుతుందో ఆయన చరిత్ర నిరూపిస్తున్నది.