డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

మన్నళ్ళి వంటి పల్లెలోనైనను, మహానగరములోనైనను, బిడ్డకు రక్తపు కాన్సరని వైద్యులు తేల్చిననాడు కన్నవారి గుండె చెరువగును. అందులో తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు నేడు పిల్లలకును పెద్దలకును ఇచ్చు మందులలో మెథోట్రెక్సేటు ముఖ్యమైనది. ఆ మందునకు దారి వేసినవారు మన తెలుగువారే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. చిన్ననాటనే పేదరికమును, పిదప పితృవియోగమును అనుభవించిరి. మెట్రిక్యులేషను మూడవమారు గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెను. సోదరులిరువురు స్ప్రూ అను జీర్ణవ్యాధికి బలియైరి. మామగారి సాయముతో అమెరికా చేరి, హార్వర్డులో పరిశోధన సాగించి, 1930లో డాక్టరేటు పొందిరి. 1940లో లెడర్లే ఔషధ సంస్థలో చేరిరి.

అచట వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినట్లు ప్రకటించెను. రక్తహీనతకు అది దివ్యౌషధమయ్యెను. కాని ఆ జాతి పదార్థములను ల్యుకేమియా రోగులకిచ్చినపుడు వ్యాధి ముదురుచున్నట్లు బోస్టను పిల్లల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బరు గమనించిరి. పోషించునదే శత్రువునకు బలమైనచో, దానిని అడ్డగించునది కావలెను. సుబ్బారావు గారి బృందము అమినోప్టెరిన్‌ను రూపొందించెను. అది ఫోలిక్ ఆమ్లమును పోలియుండును. కాన్సరు కణము అసలుదేయనుకొని స్వీకరించును. వర్తకులకు వేరుగ చెప్పనేల? చెల్లని నాణెముతో బేరము సాగదు. కణము విభజన చెందలేదు.

1948 జూనులో ఫార్బరు ఫలితములను ప్రకటించిరి. 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించెను. అది తాత్కాలికమే, వ్యాధి మరల తిరుగబెట్టెను. అయినను మందుతో ఈ వ్యాధి తగ్గునని లోకమునకు తెలిసినది నాడే. రెండు నెలలకే, ఆగస్టులో, 53వ యేట సుబ్బారావు గారు స్వదేశము మరల చూడకయే కన్నుమూసిరి.

పిదప అమినోప్టెరిన్ స్థానమును దాని సోదరమైన మెథోట్రెక్సేటు ఆక్రమించెను. పెక్కు మందులను కలిపి ఇచ్చు పద్ధతి వచ్చెను. నేడు మంచి వైద్యము లభించినచోట పదిమంది పిల్లలలో సుమారు తొమ్మిదిమంది బ్రదుకుచున్నారు. పెద్దలలో ఫలితము అంతకు తక్కువ. చికిత్స రెండు, మూడు సంవత్సరములు సాగును. బిడ్డ ఆడుకొనుచున్నాడు గదాయని నడుమ మాత్రలు మానిపించరాదు. కనబడని శత్రువు మిగిలియుండును. తుదివరకు మందు వాడించుటయే ఆ మహనీయుని శ్రమకు మనము చెల్లింపదగిన ఋణము.