గాజు పలకలపై సైనిక చరిత్ర
సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ను చిత్రాల్లో నిలిపిన రాజా దీన్‌దయాళ్

రుషికొండ: విశాఖ తీరాన 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినప్పుడు సందర్శకుల చేతుల్లో ఎటు చూసినా కెమెరాలే. అంతకు సుమారు 130 ఏళ్ల ముందు ఢిల్లీ పరిసరాల్లో అంతటి సైనిక విన్యాసాలు జరిగాయి. అనేక దేశాల సైనికాధికారులు తిలకించిన ఆ విన్యాసాలను చిత్రాల్లో భద్రపరచిన భారతీయుడు రాజా దీన్‌దయాళ్. తెలుగు నేలపై సికింద్రాబాద్‌ను కార్యక్షేత్రంగా చేసుకొని ఆయన దేశవిదేశాల్లో ఖ్యాతి గడించారు.

ఇంజినీరు చేతికి కెమెరా

మీరట్ సమీపంలోని సర్ధనాలో 1844లో జైన కుటుంబంలో జన్మించిన దీన్‌దయాళ్ రూర్కీలోని థామ్సన్ కళాశాలలో ఇంజినీరింగ్ అభ్యసించారు. 1866లో ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా చేరారు. 1874లో వ్యాపకంగా చేపట్టిన ఫొటోగ్రఫీయే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు, ఆంగ్లేయ అధికారి సర్ హెన్రీ డాలీ ఆయనను ప్రోత్సహించారు. తొలుత సెలవు పెట్టి, పిదప సర్కారు కొలువునే వదులుకొని ఆయన కెమెరాను నమ్ముకున్నారు.

కదిలితే చెదిరే చిత్రం

1885-86 శీతకాలంలో జరిగిన ఢిల్లీ సైనిక విన్యాసాల చిత్రణ ఆయన ప్రతిభకు పరీక్షగా నిలిచింది. నాటి ఫొటోగ్రాఫర్ బరువైన కెమెరాను, ముక్కాలిపీటను, గాజు పలకల పెట్టెలను వెంట మోయించుకొని తిరగవలసిందే. పూర్వపు తడి పలకల పద్ధతిలో పలకపై రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి కడగాలి. ఎండు పలకలు వాడుకలోకి వచ్చాక ఆ ప్రయాస తగ్గింది. అయినా కదిలే గుర్రాన్ని, సాగే దండును స్పష్టంగా పట్టడం కష్టసాధ్యమే. అందుచేతనే నాటి సైనిక చిత్రాల్లో పోరు కంటే బారులు తీరిన పటాలాలు, గుడారాలు, ఫిరంగులు అధికంగా కనిపిస్తాయి.

సికింద్రాబాద్‌లో స్టూడియో

1880వ దశకంలో ఆయన సికింద్రాబాద్‌లో స్టూడియో నెలకొల్పారు. అది దేశంలోని పెద్ద కంటోన్మెంట్లలో ఒకటి. స్వదేశంలోని ఆప్తులకు పంపేందుకు ఆంగ్లేయ అధికారులు చిత్రాలు తీయించుకునేవారు. నిజాం సైన్యాల కవాతులు, అశ్వదళ క్రీడలు కూడా ఆయన కెమెరాకెక్కాయి. వైస్రాయ్ డఫ్రిన్ ఆయనను తన ఫొటోగ్రాఫర్‌గా నియమించారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ పదవితోపాటు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదునిచ్చి గౌరవించారు. 1892లో హైదరాబాద్‌లో ఘోషా మహిళల కోసం ప్రత్యేక స్టూడియో వెలసింది. దాని బాధ్యతను ఒక ఆంగ్ల మహిళే నిర్వహించారు. 1896లో బొంబాయిలోనూ శాఖ తెరిచారు.

యూనిఫాం ధరించని ఈ సైనిక ఫొటోగ్రాఫర్‌కు పోషకులు పాలకులే. ఆయన చిత్రాల్లో సైన్యపు ఠీవి కనిపించినంతగా సిపాయి కష్టం కనిపించదు. అధికారుల పేర్లు నిలిచినంతగా వెనుక వరుసలో నిలబడినవారి పేర్లు నిలవలేదు. అయినా ఆ సిపాయిల ముఖాలు, ఆయుధాలు, దుస్తులు నేటికీ చూడగలుగుతున్నామంటే అది ఆ గాజు పలకల చలవే.

మిగిలినవి 2,857

1905లో దీన్‌దయాళ్ కన్నుమూశారు. కుమారుడు జ్ఞాన్‌చంద్ సికింద్రాబాద్‌లో వృత్తిని కొనసాగించినా పూర్వవైభవం నిలవలేదు. కాలక్రమంలో నెగటివ్‌లు చాలావరకు చెల్లాచెదురయ్యాయి. మిగిలిన వాటిలో 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరచింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్లను విడుదల చేసింది. పాత స్టూడియోల అటకలపై దుమ్ము పట్టిన నెగటివ్‌లను పారవేసే ముందు ఒకసారి పరికించాలని ఆయన జీవితం గుర్తుచేస్తోంది.